న్యూట్రల్ పోయిందండీ: టీకా, తాత్పర్యం, కొంత అధికప్రసంగం

ముందు అవతారిక. వానాకాలం, రాత్రి తొమ్మిది దాటింది. ఒక మేడ ఇంట్లో హాలు ట్యూబులైటు కొట్టుకుంటూ వెలవెలబోయింది. అదే సమయానికి పడగ్గదిలో బల్బు ఎన్నడూ లేనంత తెల్లగా మండింది. ఫ్రిజ్జు మూలిగింది, టీవీ టప్పుమంది. గృహస్థు 1912కి ఫోను చేస్తే ఆయన సెల్లులోకి ఒక సందేశం దిగింది: “అనివార్య సాంకేతిక కారణములచే విద్యుత్ సరఫరాకు అంతరాయము కలిగినది. వినియోగదారులు సహకరింపగలరు.” ఈలోగా వీధి చివర కొట్టు పెట్టుకున్న ఎలక్ట్రీషియన్ తడుస్తూ వచ్చాడు. టార్చి నోట కరచుకుని, మల్టీమీటరు వైర్లు మెయిన్ బోర్డులో అటూ ఇటూ ఆనించి చూసి ఒక మాటన్నాడు. ఈ వ్యాఖ్యకు అదే మూలం:

“న్యూట్రల్ పోయిందండీ. మనది కాదు, స్తంభం మీద. మెయిన్ కట్టేసి ఉంచండి.”

రెండు గ్రంథాలూ ఎదురుగా ఉండగా వ్యాఖ్యాత చిన్నదాన్నే ఎందుకు ఎంచుకున్నాడని ఆక్షేపణ. సమాధానం: ఇందులో ఏం పోయిందో ఉంది, ఎక్కడ పోయిందో ఉంది, ఇప్పుడేం చెయ్యాలో ఉంది. సందేశంలో కర్త లేడు, స్థలం లేదు, కాలం లేదు. చీకట్లో కూర్చున్నవాడు ఎలా సహకరించాలో కూడా లేదు. ఎవరూ కలిగించకుండానే అంతరాయం “కలిగినది”. సర్కారీ తెలుగులో చెట్లు వాటంతటవే నరకబడతాయి, రోడ్లు వాటంతటవే తవ్వబడతాయి, న్యూట్రల్ మాత్రం అనివార్యంగా పోతుంది.

ప్రతిపదార్థం పరీక్ష గైడ్లకు వదిలేద్దాం. మెతుకుసీమ కొల్చారం వాడని చెప్పే సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది పలకనని ప్రతిజ్ఞ పట్టాడు. ఆ ప్రతిజ్ఞలో మొదటి సగాన్ని ఈ వ్యాఖ్యాత శక్తికొద్దీ పాటిస్తాడు. రెండో సగానికి హామీ లేదు.

ఎందుకంటే ఇక్కడ అలంకారం ఉంది. ఏమలంకారం? అసంగతి. కారణం ఒకచోట, కార్యం ఇంకోచోట ఉండటం దాని లక్షణం. ఆలంకారికులు దీనికి మబ్బులనూ విరహిణులనూ పట్టుకొస్తారు: ఆకాశంలో మేఘం, నేలమీద మూర్ఛ. స్తంభం మీద వైరు తెగితే పడగ్గదిలో టీవీ కాలడం అంతకన్నా శుద్ధమైన ఉదాహరణ, పైగా వారంటీ కూడా అయిపోయింది. కాదు, విశేషోక్తి అని ఒక పూర్వపక్షం. కారణ సామగ్రి అంతా ఉండి కార్యం పుట్టకపోతే అది విశేషోక్తి. సింగిల్ ఫేజు ఇళ్లలో న్యూట్రల్ తెగినప్పుడు నిజంగానే ఇలా జరుగుతుంది. ఏదో ఒక స్విచ్చి వేసి ఉందంటే చాలు, ప్లగ్గులో రెండు రంధ్రాల్లోనూ టెస్టరు వెలుగుతుంది, బల్బు మాత్రం వెలగదు. ఫేజు ఆ సామాను గుండా దాటి, తిరుగుదారి లేక అవతలి రంధ్రంలో నిలబడి ఉంటుంది. రెండుచోట్లా కరెంటుంది, ఇల్లంతా చీకటి! విశేషోక్తికి ఇంత చక్కటి లక్ష్యం అప్పయ్య దీక్షితుల కువలయానందంలో కూడా దొరకదు. పాపం, ఆయన రోజుల్లో టెస్టరు లేదు. అయితే ప్రస్తుత గృహం మూడు ఫేజులది, బల్బు ఆరలేదు సరికదా రెచ్చిపోయింది. కనుక ఆ పక్షం వీగింది. మరి కారణం లేకుండానే కార్యం పుట్టింది గనుక విభావన అందామా? అదీ కుదరదు. కారణం ఉంది, లెక్కతో సహా ఉంది.

మూడు ఫేజుల కరెంటుకూ తిరుగుదారి ఉమ్మడి, అదే న్యూట్రల్. అది గట్టిగా ఉన్నంతసేపూ ప్రతి ఫేజుకీ దానికీ మధ్య 230 వోల్టులు. ఫేజుకీ ఫేజుకీ మధ్య 400. న్యూట్రల్ తెగిన క్షణాన ఒక ఫేజు మీది గీజరూ ఇంకో ఫేజు మీది టీవీ ఒకే దండలో గుచ్చిన పూలవుతాయి, ఆ 400ను నిరోధాన్ని బట్టి పంచుకుంటాయి. వానలో తడిసొచ్చిన అల్లుడుగారు 2,000 వాట్ల గీజరు వేశారు. అవతలి ఫేజు మీద టీవీ, బల్బులూ కలిపి 200 వాట్లు. మూడో ఫేజు మీద ఏమీ లేదనుకుంటే గీజరు వంతుకు వచ్చేది సుమారు 36 వోల్టులు, చిన్న సామాను నెత్తిన పడేది 364. గీజరులో నీళ్లు చల్లగానే ఉన్నాయి, టీవీ వేడెక్కి పోయింది. ఉమ్మడి దారి తెగినప్పుడు ఎక్కువ లాగేవాడు క్షేమంగా ఉండటం, తక్కువ వాడుకునేవాడు కాలిపోవడం కరెంటు లెక్క మాత్రమేనా అన్న సందేహానికి ఇది చోటు కాదు.

ఎంసీబీ ఏం చేస్తున్నట్టు? గృహస్థు ఇదే అడిగాడు, అదీ కొంచెం కోపంగా. అది ఎక్కువ కరెంటును చూసి పడిపోతుంది, ఎక్కువ వోల్టేజీని చూడదు. దాని కళ్లముందే టీవీ బోర్డు పోయింది. అందుకే మూలంలో మూడో వాక్యం. “మెయిన్ కట్టేసి ఉంచండి” అన్నది సలహా కాదు, విధి.

ఇక “మనది కాదు”. ఇది వినయమో నిర్లిప్తతో అనుకుంటే పొరపాటు, అది సరిహద్దు ప్రకటన. మీటరు దాటి ఇంట్లోకి వచ్చింది గృహస్థుది, మీటరు నుంచి స్తంభం దాకా డిస్కంది. చట్టం అంతే, ఎలక్ట్రీషియన్‌కు అది తెలుసు. తెలిసినా అర్ధరాత్రికి ఆ సరిహద్దు దాటించేవాళ్లు చాలామంది.

2004లో అప్పటి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి పనితీరు ప్రమాణాలు పెట్టింది. మామూలు ఫ్యూజు పోతే పట్నంలో 4 పని గంటల్లో, పల్లెలో 12 పని గంటల్లో కరెంటు రావాలంది. రాత్రి తొమ్మిదింటికి పోయిన కరెంటుకు పని గంట ఎప్పుడు మొదలవుతుందన్నది మాత్రం మీమాంసకులకు వదిలిన ప్రశ్న. గృహస్థు సెల్లులో పదీ ఇరవైకి దానికీ సమాధానం వచ్చింది: “మీ ఫిర్యాదు పరిష్కరింపబడినది.” ఇల్లు అప్పటికింకా చీకట్లోనే ఉంది.

లైన్‌మన్ పదకొండింటికి వచ్చాడు. ఒక్కడే. అతని మీద విసుక్కోవడం అన్యాయం. అదే వానలో అతనికి ఇంకెన్ని వీధులున్నాయో, చేతికింద మనిషి లేడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏబీ స్విచ్చి దించి, “నేనిక్కడ చూస్తుంటా, కాస్త ఎక్కు తమ్ముడూ” అన్నాడు. గ్లౌజులు స్టోర్లో ఉన్నాయట. ఎక్కనని ఎలక్ట్రీషియన్ అనొచ్చు. అంటే రేపటి నుంచి ఆ వీధిలో అతని పనులు ఎలా సాగుతాయో ఇద్దరికీ తెలుసు. “మూడు బ్లేడ్లూ విడివడ్డాయా అన్నా, నీ కళ్లతో చూశావా?” అని రెండుసార్లు అడిగాడు. తుప్పు పట్టిన స్విచ్చిలో రెండు బ్లేడ్లు ఊడి మూడోది అతుక్కుని ఉండొచ్చు. జిల్లా పేజీలో అడుగున సింగిల్ కాలమ్ వార్తయిన వాళ్లలో ఈ ప్రశ్న అడగనివాళ్లున్నారు, అడిగినా జవాబు తప్పుగా విన్నవాళ్లూ ఉన్నారు. ఇక్కడ టీకాకారుడికి అలంకారాలు తోచవు.

పైన కనిపించింది ఇది. సర్వీసు వైరు అల్యూమినియం పోగులను లైను వైరుకు చేత్తో మెలిపెట్టి వదిలేశారు, క్లాంపు లేదు. అల్యూమినియం మీద గాలి తగిలితే పొర కడుతుంది, ఆ పొర కరెంటును సరిగా పోనివ్వదు. ముడి వేడెక్కుతుంది, వదులవుతుంది, ఇంకా వేడెక్కుతుంది. పోగులు నల్లబడి, కొసన తెల్లటి పొడి రాలుతోంది. వాటిలో ఒక్కటంటే ఒక్కటే తగిలీ తగలకుండా ఉంది. అతను నల్లబడిందంతా కత్తిరించాడు. మెరిసే లోహం వచ్చేదాకా గీకి, ఎమరీ కాగితం పట్టి, రెండు వైర్లూ పక్కపక్కన పెట్టి పీజీ క్లాంపు బిగించాడు. స్పానరు ఆఖరి తిప్పుకు స్తంభం కింద దాకా కిర్రుమంది. దిగాక స్విచ్చి ఎత్తించి, ఇంట్లో ఏదీ వేయనివ్వకుండా మూడు ఫేజులూ కొలిచాడు. మూడూ 230 దరిదాపుల్లో ఉన్నాకే మెయిన్ వేశాడు. పాఠాంతరాలు తేల్చే వ్యాఖ్యాతలంతా నేర్చుకోదగ్గ క్రమం: సరిచూశాకే ప్రకటన.

తాత్పర్యం రాయాల్సిన చోట బేరం మొదలైంది. ఎలక్ట్రీషియన్ ఐదొందలన్నాడు. “ఒక్క క్లాంపేగా వేసింది, పావుగంట పని” అన్నాడు గృహస్థు. ఇందాకటిదాకా సందేశాన్ని తిట్టిన నోరే ఇది. స్తంభం మనది కాదు గనుక ఆ డబ్బు డిస్కం ఇవ్వాలన్న వాదం కూడా తెచ్చాడు, న్యాయంగా అది నిజమే, కానీ లైన్‌మన్ అప్పటికే పక్క వీధికి వెళ్లిపోయాడు. చివరికి నాలుగొందలకు కుదిరింది. నోట్లు జేబులో పెట్టుకుంటూ ఎలక్ట్రీషియన్ టీవీ వైపు చూసి, “బోర్డు పోయుంటుందండీ. మావాడొకడున్నాడు, పొద్దున పంపమంటారా?” అన్నాడు.