ఫలానా వారి కుమార్తె

జమీందారీలు 1948 చట్టంతో పోయాయి గానీ ఆ ఇంటి మాటతీరు పోలేదు. జమీందారు మనవడికి విశాఖలో రెండు హోటళ్లు. పనివాళ్లంతా ఇప్పటికీ ‘దొరగారూ’ అనే పిలుస్తారు. ఆయన సెక్రటరీ చింతపల్లి వైపు భగత తెగ గిరిజన పిల్ల. డిగ్రీ అవగానే చేరింది. ఆయన కాఫీలో పంచదార ఎంతో దగ్గర్నుంచి బ్యాంకు కాగితాల దాకా అన్నీ ఆమెకే తెలుసు. ఆయన చెప్పింది చెప్పినట్టు టైపు చేస్తుంది, అక్షరం పొల్లు పోదు.

ఒక డిసెంబరులో లంబసింగిలో స్థలాలు చూడటానికి ఆమెను వెంట తీసుకెళ్లాడు. తెల్లవారుజామున చెరువులవేనం కొండెక్కారు. కింద లోయంతా మబ్బు. ఆమె చలికి వణుకుతుంటే తన శాలువా తీసి కప్పి, ‘నువ్వు లేకపోతే నాకు రోజు గడవదు. పెళ్లి చేసుకుందాం’ అన్నాడు. ఆమె ఏడ్చేసింది. ఆ మాట కోసమే అన్నాళ్లూ ఎదురుచూసిన మనిషి.

కొండ మీద చిన్న గుళ్లో పసుపుతాడు కట్టాడు. ‘అమ్మకి నెమ్మదిగా చెబుతాను. అందాకా ఆఫీసులో మామూలుగానే ఉందాం.’ ఆమె సరేనంది.

నెల తిరక్కుండా రోడ్డు పక్కన ఆమె పెదనాన్న మూడెకరాలు బేరమైంది. ఏజెన్సీలో గిరిజనేతరుడు సెంటు భూమి కొనలేడు. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలకు 1970లో వచ్చిన సవరణ, జనం నోట ‘వన్ ఆఫ్ సెవెంటీ’, అక్కడి భూమి ఎవరమ్మినా గిరిజనుడికో, గిరిజనుల సహకార సంఘానికో అమ్మాలంటుంది. అదే లేకపోతే ఆ కొండల్లో వాళ్లకి కాలు మోపే చోటు మిగిలేది కాదు. దాన్ని దాటడానికి మైదానం వాళ్లు వెతుక్కున్న దొంగదారుల్లో అక్కడి పిల్లను పెళ్లాడటం ఒకటి. అలా ఉత్త సంతకాలుగా మిగిలిపోయిన ఆడవాళ్లను తలుచుకుంటే కడుపు రగులుతుంది.

దస్తావేజు ఆయనే చెప్పాడు, ఆమే టైపు చేసింది. కొనేవారి పేరు దగ్గర వేళ్లు ఆగాయి.

‘భర్త అని మీ పేరు రాయనా?’

‘పిచ్చిదానా, నా పేరు కనిపిస్తే బినామీ అంటారు. మీ నాన్న పేరే రాయి. అవివాహిత అని కూడా పెట్టు.’

మెడలో తాడు జాకెట్టులోకి తోసుకుని, చెప్పింది చెప్పినట్టు టైపు చేసింది.

కాటేజీలు లేచాయి. చలికాలం శనివారాలు గది దొరకడమే కష్టమైంది. కరెంటు మీటరు, ఇంటిపన్ను, అన్నీ ఆమె పేరు మీదే.

మూడో ఏడు ఇంట్లో ఆయనకి సంబంధం కుదిర్చారు, తమతో తూగే వంశం. ఆయన కాదనలేదు. కాగితాలు పట్టుకుని కొండెక్కాడు. వెంట డ్రైవరు. అతనూ గిరిజనుడే.

‘స్థలం వీడి పేరు మీదకి మార్చు. నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు, జీతం కూడా పెంచుతాను.’

ఆమె పలకలేదు.

‘నా డబ్బుతో కొన్నది. కోర్టుకెళ్లగలను.’

‘వెళ్లండి. బినామీ అని మీ నోటితో మీరే చెప్పాలి.’

దొరగారి గొంతు మెత్తబడింది. ‘పరాయివాడిలా మాట్లాడతావేం? గుళ్లో తాడు కట్టిన మొగుణ్ణి. అడుగుతున్నాను, సంతకం పెట్టు.’

ఆమె బీరువాలోంచి దస్తావేజు నకలు తీసి ఆయన ముందు పరిచి, ఆ వరుస మీద వేలు పెట్టింది.

‘ఇందులో మొగుడు లేడండి. మీరు చెప్పింది చెప్పినట్టే టైపు చేశాను.’