అక్షం దాటితే పరీక్షకి రాదు

ఎలక్ట్రిక్ ఫీల్డు లెక్కలు మీకు వచ్చునంటారు, సరే. రింగుకి ఫార్ములా అడిగితే చెబుతారు, డిస్కుకి అడిగితే చెబుతారు, గోళం లోపల ఎంత, బయట ఎంత అంటే నా ప్రశ్న పూర్తికాకుండానే చెబుతారు. అలా గడగడా అప్పజెప్పడానికి ఇవేమన్నా ఎక్కాలా నాయనా? మా రోజుల్లో ఆ జవాబు దాకా కాలినడకన వెళ్లాల్సి వచ్చేది.

మా బీఎస్సీ లెక్చరరు గారు గాస్ నియమాన్ని మాకు తెలియకుండా దాచేవారు. ముందు రింగు గీసేవారు. అందులో చిటికెడు ముక్క, పేరు డీఎల్. దాని మీద ఛార్జి ఎంత, అక్షం మీది బిందువుకి అదెంత దూరం, ఫీల్డు ఎటు చూస్తోంది? పక్కకి చూసేదాన్ని ఎదుటి ముక్క కొట్టేస్తుంది, అక్షం వెంట ఉన్నదే మిగులుతుంది. అలా రింగంతా కలిపాక, రింగులో రింగు పేర్చి డిస్కు చేసేవారు. ఆ డిస్కుని అనంతం దాకా సాగదీసేవారు. బోర్డంతా నిండి, ఆయన పంచె మీద సుద్దపొడి పడి, చివర్లో తేలేది ఇంతే: సిగ్మా బై టూ ఎప్సిలాన్ నాట్. దూరం ఎటు పోయింది? లేదు! రేకుకి అంగుళం దూరంలో ఎంతో, ఆమడ దూరంలోనూ అంతే. క్లాసంతా నోరు తెరిచింది. వెనక బెంచీ నుంచి ఎవడో, "సార్, అనంతమైన రేకు ఎక్కడ దొరుకుతుందండీ?" అన్నాడు. "పరీక్ష పేపర్లో" అన్నారాయన.

మర్నాడు గాస్‌ని బయటికి తీశారు. రేకుకి అటూ ఇటూ వచ్చేలా ఒక డబ్బా గీసి, మూడే మూడు లైన్లలో అదే జవాబు రాసి, చేతులు దులుపుకున్నారు. మాకు ఒళ్లు మండిపోయింది. నిన్నంతా ఎందుకు చంపారు మరి? కానీ ఆ మంటతోనే గాస్ మా బుర్రలోకి ఎక్కాడు. మీకో, గాస్‌ని మొదటిరోజే చేతికిచ్చేస్తారు. దాంతో బారెడు కడ్డీ ఇచ్చినా చుట్టూ సిలిండరు గీసేస్తారు. అక్కడా నియమం నిజమే, ఎవరు కాదన్నారు? కానీ సిలిండరు మీద అన్నిచోట్లా ఫీల్డు ఒకేలా ఉంటేగా దాన్ని ఇంటెగ్రల్ బయటికి లాగడానికి! ఘనం మూల మీద ఛార్జి పెడితే ఫ్లక్సులో ఎనిమిదో వంతు దానిగుండా పోతుందని చెబుతాడు గాస్, అంతవరకే. ఫలానా చోట ఫీల్డెంత అంటే మళ్లీ కూలుంబు ఇంటికి వెళ్లాల్సిందే.

ఆ కూలుంబు 1785లో సన్నటి తీగకి కడ్డీ వేలాడదీసి, తీగ మెలితిరగడం చూసి నియమం పట్టుకున్నాడు. ఆయనకి ఎప్సిలాన్ నాట్‌తో పనే పడలేదు. మా పాత సీజీఎస్ పుస్తకాల్లోనూ శూన్యంలో స్థిరాంకం ఒకటే, హాయిగా. తర్వాత ఎవరికి కన్నుకుట్టిందో ఎస్ఐ ప్రమాణాలొచ్చాయి, 8.85 ఇంటూ 10 టు ది పవర్ మైనస్ 12 వచ్చి నెత్తిన కూర్చుంది. క్లార్క్స్ టేబుల్స్ తెరిచి దాని లాగరిథం చూస్తే బార్ 12 పాయింట్ 9469. ఆ బారు సంగతి మరిచి కూడేసిన వాడి చేతిలో, పావలా కాసు మీది ఛార్జి ఏనుగుని ఎత్తేసేది.

మాలో సగం మంది ఆ రింగు డెరివేషన్ని ఆంజనేయ దండకంలా బట్టీపట్టిన వాళ్లేలే. కాస్ తీటా ఎందుకొచ్చిందిరా అంటే "నోట్సులో ఉందండీ" అనేవారు. ఆ సగంలో నేనున్నానా లేదా అన్నది ఇక్కడ అప్రస్తుతం. మా తర్వాతి వాళ్లకి విశాలాంధ్రలో రష్యా పుస్తకాలు కారుచౌకగా దొరికాయి. ఇరొడోవ్ లెక్కల్లో చాలావాటికి వెనక జవాబే తప్ప దారి ఉండేది కాదు. మీరూ ఇరొడోవే చేస్తారు, పక్కన వీడియో పెట్టుకుని.

ఇంకో మాట. రింగు అక్షం నుంచి బిందువు కాస్త పక్కకి జరిగిందనుకోండి, కొంప మునిగినట్టే. ముక్కలన్నీ ఒకే దూరంలో ఉండవు, పక్క ఫీల్డులు ఇదివరకులా చెల్లిపోవు, ఎలిప్టిక్ ఇంటెగ్రల్ వచ్చి కూర్చుంటుంది. మా సారు అక్కడ బోర్డు తుడిచేసి, "అక్షం దాటితే పరీక్షకి రాదు" అనేవారు. మేం పుస్తకం మూసేసి ఇడ్లీ కోసం పరిగెత్తేవాళ్లం.

మొన్న మా మనవడు ల్యాప్‌టాప్‌లో రింగుని వెయ్యి ముక్కలు చేసి, ఒక్కో ముక్క ఫీల్డూ కలిపించి, అక్షానికి అటూ ఇటూ నానా చోట్లా బాణాలు గీయించాడు. "తాతయ్యా, మీ డీఎల్ ఇదే కదా?" అన్నాడు. కాదన్నాను. డీఎల్ సున్నా వైపు పోతూనే ఉండాలి, నీది వెయ్యో వంతు దగ్గర ఆగిపోయిందన్నాను. వాడు వెయ్యిని లక్ష చేశాడు. బొమ్మ మారలేదు. బాణాలు బాలేవన్నాను, ఫారడే గీతలు గీసేవాడన్నాను. వాడు గీతలు గీయించాడు.

ఇలా కాదని, అక్షం మీద ఫీల్డు ఎక్కడ గరిష్ఠమో చెప్పమన్నాను. నేను కాగితం తీసి, డిఫరెన్షియేట్ చేసి, సున్నాతో సమానం చేసి, వ్యాసార్థం బై రూట్ టూ అని వాడి కంటే ముందే చెప్పేశాను. ల్యాప్‌టాప్‌లో ఛార్జి అయిపోయి వాడు వైరు వెతుక్కోవడానికి లేచాడనుకోండి, అయినా ముందు చెప్పింది నేనే.