గాలసూత్ర లఘుటీక

మూలం: "అతి తేలిక, నాలుగు ముక్కలు, వీపుసంచిలో ఇమిడేది, కొండ సరస్సులకే."

ఫ్లై ఫిషింగ్ గెడల పెట్టెల మీద కనిపించే తరహా సూత్రమిది. విజయనగరం జిల్లాలో దీనికి లక్ష్యం తాటిపూడి. గోస్తని మీద కట్టిన జలాశయం. పక్కన కొండలున్నాయి గనుక నాలుగో పదానికి ఆక్షేపణ లేదు. వీపుసంచి మాత్రం నిరర్థకం. కారు గట్టుదాకా వెళ్తుంది.

ముక్కలూ సంచీ స్పష్టాలు. తేలిక దేనికి? గెడకని పూర్వపక్షం, ఎరకని సిద్ధాంతం. మామూలు గాలంలో సీసపుగుండు దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ ఎర ఈకలు చుట్టిన ఉత్తుత్తి ఈగ; బరువుండదు గనుక దారమే దాన్ని మోస్తుంది. 5వ నంబరు దారంలో మొదటి 30 అడుగులు 140 గ్రెయిన్లు, సుమారు 9 గ్రాములు. దాన్ని ముందుకు విసరాలంటే మొదట వెనక్కి చాచాలి. వెనక జీడిమామిడి ఉంటే గాలానికి తొలుత తగిలేది ఆ కొమ్మే.

శాస్త్రప్రమాణానికి మానసోల్లాసం ఉండనే ఉంది. 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు అందులో మత్స్యవినోదానికి ఒక ప్రకరణమే కేటాయించాడు. చేపల జాతులు, వాటి మేత, ఎర, దారం, గెడ, దేన్నీ విడిచిపెట్టలేదు. ఇడ్లీకి పూర్వీకురాలని పండితులు చూపే ఇడ్డరిక కూడా ఆ గ్రంథంలోదే. ఇడ్డరికకూ గాలానికీ సంబంధం లేదు గానీ, చెప్పకుండా ముందుకు సాగడం వ్యాఖ్యాతల వల్ల కాదు. గెడ బరువెంతన్న బెంగ ఆ రాజుకు ఉండి ఉండదు, మోసేవాళ్లు వేరు.

ప్రకృతానికి వస్తే, రీలు లేకుండా దారాన్ని గెడ కొనకే కట్టే జపాను పద్ధతిని టెంకారా పేరుతో ఖరీదుగా అమ్ముతున్నారు. నాగావళి ఒడ్డున కుర్రాళ్ల చేతిలోని వెదురుగెడా అదే. జీలుగుబెండూ, కొబ్బరిచిప్పలో ఎర్రలూ అదనం. జెల్ల అడుగున మేస్తుంది, ఈగ కోసం పైకి రాదు. కొర్రమీనుకు కప్ప కావాలి. ఈగను నమ్మే ట్రౌటు చన్నీటి చేప; నీలగిరుల్లో ఉంది, తాటిపూడిలో లేదు.

సూత్రకారుడు చెప్పని మాట ఒకటుంది. కొమ్మకో తుంగకో చిక్కిన నైలాన్ దారాన్ని కోసి అక్కడే వదిలేస్తారు. అది కుళ్లదు. విశాఖకు తాగునీరిచ్చే చెరువన్న స్పృహైనా ఉండదు. కొంగ కాలికి చుట్టుకున్నా, వలకు మెలిపడ్డా విప్పవలసింది తెల్లారగట్ల తెప్ప మీద వచ్చే జాలరే. దారం గలవారి కారు ముందురోజు సాయంత్రమే కొత్తవలస దాటి ఉంటుంది.