వేదిక పక్కనే

మా ఆవిడ పెదనాన్నగారు బీటిల్స్ కచేరీ కళ్లారా చూసిన మనిషి. న్యూజెర్సీ తెలుగువాళ్లలో ఆయనకున్న పరపతికి సగం కారణం అదే. మిగతా సగం, ఎవరింటికి భోజనానికి వెళ్లినా ఆ కథ చెప్పకుండా లేవకపోవడం.

ఆయన చదువు కోసం న్యూయార్క్ వచ్చింది 1964లో. మరుసటేడు ఆగస్టు 15న, ఆదివారం నాడు, క్వీన్స్‌లోని షే స్టేడియంలో బీటిల్స్ పాడారు. "అక్కడ మనవాళ్లు జెండా ఎగరేసి బిళ్లలు పంచుకుంటుంటే, ఇక్కడ నేను..." అంటూ ఎత్తుకునేవారు. టికెట్టు అయిదు డాలర్ల అరవై అయిదు సెంట్లు. వచ్చిన జనం 55,600. ఆ నలుగురూ హెలికాప్టర్లో వచ్చి పక్కనే జరుగుతున్న వరల్డ్స్ ఫెయిర్ భవనం మీద దిగారు. అక్కణ్నుంచి బ్యాంకుల డబ్బు మోసే ఇనపబండిలో స్టేడియానికి తెచ్చారు. ఆ బండి తాలూకు వెల్స్ ఫార్గో బిళ్లల్నే కోట్లకు తగిలించుకుని వేదికెక్కారు. ఎడ్ సలివన్ పరిచయం చేశాడు. పన్నెండు పాటలు, అరగంటలో ముగించారు. చివరి పాటలో జాన్ లెనన్ ఆర్గన్ మెట్ల మీద మోచేత్తో వాయించాడు.

ఇదంతా అక్షరాలా నిజం. కచేరీల సంగతికొస్తే మనవాళ్ల మాట అంత తేలిగ్గా నమ్మేది కాదు. 1971లో ఘంటసాల అమెరికా వచ్చినప్పుడు విన్నామని చెప్పేవాళ్లంతా నిజంగా వెళ్లి ఉంటే, పాపం ఆయన కూడా బేస్‌బాల్ మైదానాల్లోనే పాడాల్సి వచ్చేది. కానీ పెదనాన్నగారు వెల్స్ ఫార్గో బిళ్ల దాకా వెళ్లిన తర్వాత ఎదుటివాడికి అడగడానికి ఏం మిగులుతుంది?

2008 దీపావళికి మా ఇంట్లో భోజనాలు. షే స్టేడియాన్ని కూలగొట్టడం ఆ నెలలోనే మొదలైంది. ఇంక ఆయన్ని పట్టేవాళ్లెవరు? పప్పులో నెయ్యి పడకముందే వరల్డ్స్ ఫెయిర్ మీద హెలికాప్టర్ దిగింది.

మా పక్కింటి అమెరికనావిడ కూడా వచ్చింది. బళ్లో సంగీతం చెప్పి రిటైరైంది, బూరెలంటే ప్రాణం. పెదనాన్నగారు చెప్పేదంతా తెలుగులో. తెల్లావిడకేం తెలుస్తుందనుకున్నారో, ఆ రోజు మామూలుకన్నా నాలుగాకులు ఎక్కువే చదివారు. మా అమ్మాయి ఆవిడ పక్కనే కూర్చుని ప్రతి మాటా చెవిలో ఇంగ్లీషులో ఊదుతోందని ఆయన చూసుకోలేదు.

"మొదట్లో ఆడపిల్లలు కాస్త కేకలేసిన మాట నిజమే. జాన్ ఒక్కసారి ఇలా చెయ్యెత్తాడు. గప్‌చిప్! అంత జనంలోనూ సూది పడితే వినపడేది. అదీ క్రమశిక్షణంటే. మన శివరాత్రి కచేరీల్లోలా వేరుశనక్కాయల పటపటలు లేవు. పాల్ మెక్‌కార్ట్‌నీ శ్రుతి చేసుకోవడం కూడా విన్నాను."

"ఎంత దూరంలో కూర్చున్నారు పెదనాన్నా?" అంది మా ఆవిడ. వందసార్లు విన్న కథే అయినా, ఆ ప్రశ్న ఎవరో ఒకరు అడక్కపోతే ఆయన నొచ్చుకుంటారు.

"కూర్చోవడమేమిటే, వేదిక పక్కనే నిలబడ్డాను. చెయ్యి చాపితే అందేంత దూరం. రింగో నుదుటి మీద చెమటబొట్లు లెక్కపెట్టాను."

భోజనాలయ్యాక పక్కింటావిడ బూరెల పళ్లెంతో సహా వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. ఆవిడ ముఖంలో వెక్కిరింత మచ్చుకైనా లేదు. అదే మా కొంప ముంచింది.

"మీరు అదృష్టవంతులండీ. అప్పుడు నాకు పదిహేనేళ్లు. నేనూ ఆ స్టేడియంలోనే ఉన్నాను, ఒక్క ముక్క వినపడలేదు. ఆటగాళ్ల పేర్లు చదివే మైకుల్లోంచే కదా ఆ నలుగురి గొంతులూ వచ్చింది. మా అరుపుల కింద అవెక్కడ? పోలీసులే చెవులు మూసుకున్నారు. పాడేవాళ్ల పాట వాళ్లకే వినపడక, రింగో ముందున్న ముగ్గురి కదలికలు చూసి డ్రమ్ములు కొట్టాడట."

పెదనాన్నగారు మంచినీళ్ల గ్లాసు అందుకున్నారు. "అంటే... గ్యాలరీల్లో ఉన్నవాళ్లకు వినపడి ఉండదు. నేను వేదిక దగ్గర కదా."

"అదే అడుగుదామని వచ్చాను" అందావిడ కుర్చీ ముందుకు జరుపుకుంటూ. "వేదిక వేసింది మైదానం మధ్యలో, రెండో బేసు దగ్గర. జనమంతా గ్యాలరీల్లోనే. గడ్డి మీద ఒక్క కుర్చీ లేదు. మాలాంటి వాళ్లు అటు దూకకుండా చుట్టూ పోలీసుల్ని పెట్టారు. నేను కంచె దూకాను. సగం దూరమైనా పరుగెత్తకముందే ఒక పోలీసాయన పట్టుకుని, భుజాన వేసుకుని బయట దించేశాడు. ఎడమకాలి బూటు అక్కడే పోయింది."

గదిలో మాటలు ఆగిపోయాయి. మా ఆవిడ ఎందుకో వంటింట్లోకి వెళ్లింది.

"అప్పటి న్యూయార్క్ పోలీసుల్లో ఇండియన్లు ఉండేవారని నాకు ఇవాళే తెలిసింది. ఆ పోలీసాయన ఎక్కడైనా కనిపిస్తే క్షమాపణ చెప్పుకోవాలని నలభై మూడేళ్లుగా అనుకుంటున్నాను. ఎందుకంటే, వదలమని ఆయన్ని గట్టిగా కొరికేశాను. నెత్తురు కూడా వచ్చింది. మచ్చ పడే ఉంటుంది."

ఆవిడ పళ్లెం పక్కన పెట్టి, పర్సులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుంది.

"ఏదండీ, మీ కుడిచెయ్యి ఒకసారి చాపండి."