రసానికి తాళం

నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఆదివారం సాయంత్రం ఏ మిద్దె మీదైనా పొగ లేస్తే ఇల్లు అంటుకుందని హైరానా పడకండి. స్టేక్ కాలుతోంది. మూత ఉన్న గ్రిల్లు, పొడుగు చిమటా, నల్ల ఏప్రన్, ఫొటోలు తీయడానికి ఒక బావమరిది. ఈ గ్రిల్లు ఆచార్యులవారు బొగ్గుల మీద ముక్క వేసి మంత్రం చదువుతారు: "ముందు పెద్ద సెగ మీద రెండు దిక్కులా మాడ్చాలె. పైపొర గట్టిపడి రసం లోపల్నే లాకైతది."

లాకైతే ఆ సుయ్‌మనే చప్పుడేంది సారూ? ముక్కలోంచి కారిన నీళ్లు కాలిన కడ్డీల మీద ఆవిరైపోతున్న మోతే కదా! ఈ లాకు కథను 19వ శతాబ్దంలో ఊరూరా తిప్పింది జర్మన్ రసాయనవేత్త లీబిగ్. 1930లలోనే తూకాలు వేసి చూసినవాళ్లు అది ఉత్తదని తేల్చారు. మాడ్చితే వచ్చేది రుచి; 1912లో మయార్ అనే శాస్త్రవేత్త వివరించిన రసాయన చర్య అది. పైన తడి ఉంటే వేడి 100 డిగ్రీల దగ్గరే చతికిలబడుతుంది. అందుకే ముక్కను గుడ్డతో ఒత్తి ఆరబెట్టాలి. మన ఆచార్యులవారేమో మసాలా నీళ్లు ఓడుతుండగానే వేస్తారు.

1937లో పుట్టిన నిజాం షుగర్స్ నీడలో చెరుకు పండించిన జిల్లాకు రసం గురించి పాఠాలా? 2015లో దాని బోధన్ ఫ్యాక్టరీకి తాళం పడ్డది గానీ, మాంసం రసానికి తాళం వేసిన మొనగాడు ఇంకా పుట్టలేదు.

అసలు తమాషా ముక్కలో ఉంది. ఆచార్యులవారు చూసి నేర్చుకున్న విదేశీ వీడియోలో కాలేది మక్కలు మేసి కొవ్వు పట్టిన పడుచు పశువు. మనకున్న 1977 చట్టం ఆవునూ దూడనూ కోయనివ్వదు. పాలకూ సేద్యానికీ ఈతకూ ఇక పనికిరాదని అధికారి రాసిస్తేనే బర్రెకు అనుమతి. ఏళ్ల తరబడి పాలిచ్చి రిటైరైన ఆ పెద్దమనిషిని గబగబా కాల్చి "మీడియం రేర్" అని వడ్డిస్తే దవడలే అరుగుతాయి. కటిక దుకాణంలో అడిగితే చెప్పేవాడే: "అండర్‌కట్ తీస్కపో అన్నా, మిగిలింది కూరకే." వెన్నెముక లోపలివైపు పెద్దగా శ్రమపడని కండ అది, అందుకే మెత్తన. మిగతా కండకు పచ్చి బొప్పాయి నూరి పట్టించాలని పత్తర్ కా గోష్త్ చేసే హైదరాబాదీలకు ఎప్పుడో తెలుసు. కానీ బొప్పాయికి లైకులు రావు కదా!

సరే, థర్మామీటరు కూడా కొన్నారట. ఫొటో అయిపోయాక ముక్క మధ్యలో కూడా గుచ్చండి. 63 డిగ్రీలు రాగానే దించి మూడు నిమిషాలు ఆగమని అమెరికా ప్రభుత్వమే చెబుతోంది. ఆలోగా ఏప్రన్ విప్పుకోవచ్చు.