ఆకలికి అడ్వాన్స్ బుకింగ్

అమెరికాలో అబ్బాయి పిలిచాడని ఏలూరు, తాడేపల్లిగూడెం నుంచి ఫ్లోరిడా డిస్నీ వరల్డ్‌కి వెళ్లే అమ్మానాన్నలకు గమనిక: అక్కడ భోజనం టేబుల్ బుకింగ్ 60 రోజుల ముందే తెరుస్తారు.

అంటే సంక్రాంతి వెళ్లగానే, హోలీ దాటాక ఏ పూట ఎంత ఆకలేస్తుందో చెప్పేయాలన్నమాట.

వేసవిలో అక్కడ బుకింగ్ తెరిచే ఉదయం ఆరంటే మనకు మధ్యాహ్నం మూడున్నర. కొడుకు అక్కడ నొక్కుతాడు, నాన్నగారు ఏలూరులో కునుకు మానుకుని నొక్కుతారు.

గూడెం మెస్సులో బుకింగ్ పద్ధతే వేరు. తింటున్నవాడి వెనక నిలబడి, పెరుగులోకి వచ్చాడో లేదో చూసుకోవడమే!

మన వైపు పెళ్లికి రాకపోతే క్యారేజీ ఇంటికి పంపుతారు. అక్కడ చాలా హోటళ్లలో చెప్పకుండా మానేస్తే తలకు 10 డాలర్లు గుంజుతారు.

మన హోటల్లో టేబుళ్ల మధ్య ఎలుక తిరిగితే మున్సిపాలిటీ నోటీసు. అక్కడ అదే ఎలుక చొక్కా తొడుక్కుని వచ్చి ఫొటో దిగితే ప్లేటు రేటు పెరుగుతుంది.

మన రైల్వే కూడా 2024 నవంబరు 1 నుంచి 120 రోజుల గడువును 60కి దించింది. గోదావరి ఎక్స్‌ప్రెస్ బెర్తుకూ మిక్కీ పక్కన కుర్చీకీ ఇప్పుడు ఒకటే గడువు. ఆర్‌ఏసీ కింద ఒకే బెర్తులో ఇద్దర్ని సర్దే సౌకర్యమే అక్కడ ఇంకా రాలేదు.

కొల్లేటిలో ఆటపాక పెలికాన్లు మాత్రం ఏ బుకింగూ లేకుండానే చేపలు తింటున్నాయి.

వెళ్లేవారికి మనవి: పార్కులోకి బయటి తిండి రానిస్తారు, గాజు సీసాలు రానివ్వరు. ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలో సర్దుకోండి.