టోకియో పద్యానికి ధర్పల్లి వ్యాఖ్య

మూలం

టోకియోకు బోయి టూరు చేసొచ్చితి
రైలు నిమిషమైన రాదు లేటు
తోసుకొనరు జనులు తుమ్మరు గట్టిగా
మనకు లైను రాదు మంద బతుకు

అవతారిక

కొడుకు ఉద్యోగం చేసే టోక్యోకు మొదటిసారి వెళ్లి, వారం ఉండి, నిజామాబాదు జిల్లా ధర్పల్లికి తిరిగొచ్చిన ఒక పెద్దమనిషి లోకోద్ధరణ కోరి ఈ పద్యాన్ని ఊరి వాట్సాప్ గ్రూపులో వెలయించాడు. అక్కడ ఆగితే వ్యాఖ్యానం అవసరపడేది కాదు. బస్సు కోసం నిలబడ్డవాళ్లకు, హోటల్లో చాయ్ తాగేవాళ్లకు, చివరకు దినాల భోజనానికి పంక్తిలో కూర్చున్నవాళ్లకు కూడా వినిపించాడు. "మనోళ్లకు అక్కల్ లేదు" అన్నది ప్రతి పఠనానికీ భరతవాక్యం. ఛందస్సు ఆటవెలది. యతులు నాలుగూ కుదిరాయి గనుక ఛందోదోషం చూపించి తప్పుకునే దారి వ్యాఖ్యాతకు మూసుకుపోయింది.

మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత కోల్చారం మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. ఆయనది మెదక్ జిల్లా, మనకు పొరుగు. పొరుగింటి నియమాలు మనం పాటించాలని ఏ శాస్త్రంలోనూ లేదు.

ప్రతిపదార్థం

సులభం. విడిచిపెట్టడమైనది.

ప్రథమ పాద విశేషం

మహానగరాన్ని మొదటిసారి చూసి తిరిగొచ్చినవాళ్లకు ఆదిగురువు హనుమంతుడు. లంకలో రాత్రంతా తిరిగాడు. ప్రాకారాలు చూశాడు, మేడలు చూశాడు, రావణుడి పానశాల చూశాడు, పుష్పకం చూశాడు. సుందరకాండలో సర్గల కొద్దీ ఆ వర్ణనే. ఇవతలి ఒడ్డున దిగాక మాత్రం ముందు చెప్పింది సీత కనబడిందన్న ఒక్క మాట. లంక వీధుల వెడల్పెంతో, అలాంటివి కిష్కింధలో ఎందుకు లేవో ఎత్తలేదు. ఎదురుగా ఉన్నది సాక్షాత్తూ కోతిమూక. "మంద బతుకు" అని తిట్టడానికి ఆయనకున్నంత వీలు చరిత్రలో ఇంకెవరికీ లేదు. అయినా తిట్టలేదు. పైగా ఆ మూక మధువనంలో పడి తేనె తాగుతుంటే, భయపడకండి, అడ్డొచ్చినవాళ్ల సంగతి నేను చూసుకుంటానని ధైర్యం చెప్పాడు.

రెండోవాడు కాళిదాసు మేఘం. మేఘసందేశం పూర్వభాగమంతా రామగిరి నుంచి అలకకు దారి చెప్పడమే: ఏ కొండ మీద అలుపు తీర్చుకోవాలి, ఏ నదిలో నీళ్లు తాగాలి, చుట్టుదారైనా ఉజ్జయిని ఎందుకు చూసిపోవాలి. మల్లినాథుడు దీనికి సంజీవని అనే వ్యాఖ్య రాశాడు. ఆ మేఘం అలకకు చేరిందో లేదోనని పండితులు తలలు పట్టుకుంటారు గానీ దాని పరమగుణం మరొకటుంది. తిరిగొచ్చి "అలకలో అయితేనా..." అని మొదలుపెట్టలేదు.

మూడోవాడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న బయల్దేరి కాశీ చూసుకుని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. హైదరాబాదు దాటి నిర్మల్ మీదుగా నాగపూరుకు పోయాడు. అంటే మన జిల్లా నేల తొక్కిపోయినవాడే. ఏ ఊళ్లో నీళ్లు మంచివి, ఎక్కడ అంగళ్లున్నాయి, ఎక్కడ దిగడానికి చోటుంది, దారి రాళ్లా బురదా అన్నీ రాసి స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు పంపుతూ పోయాడు. పిళ్లె దాన్ని 1838లో అచ్చు వేయించాడు. వెనక వచ్చేవాడికి పనికొచ్చేటట్టు రాయడమే ఆ పుస్తకం ధర్మం. ఆయన టోక్యో పోదామన్నా కుదిరేది కాదు. అప్పటికది ఎడో. పరాయివాళ్లకు జపాను తలుపులు మూసి ఉండేవి, ఐరోపావాళ్లలో డచ్చి వర్తకులకు మాత్రం నాగసాకి దగ్గరి దెజిమా దీవిలో కాస్త చోటిచ్చారు. ఎడో పేరు టోక్యోగా మారింది 1868లో. ఇదంతా పద్యంలో లేదు. ఉండవలసిన అవసరమూ లేదు.

నాలుగోవాడి యాత్రకు గ్రంథం లేదు. దుబాయి, మస్కటు, సౌదీ పోయినవాడు అతను. డ్రైవరు లేకుండా నడిచే మెట్రో 2009 నుంచే దుబాయిలో ఉంది. దాన్ని కళ్లారా చూసినవాళ్లు ఈ చుట్టుపక్కల ప్రతి ఊళ్లో దొరుకుతారు. సెలవు మీద వచ్చారు, అప్పు తీర్చారు, ఇంటికి స్లాబు వేశారు, చెల్లె పెళ్లి చేశారు, మళ్లీ పోయారు. వచ్చినప్పుడు ఊరివాళ్లకు లైను నేర్పలేదు. ఈ పద్యానికి గల్ఫు పాఠాంతరం ఒకటి ఉండవలసింది, వెతికినా దొరకదు. పద్యానికి వారం రోజుల యాత్ర చాలు. పన్నెండేళ్లు కఫీలు అనే యజమాని చేతికింద ఉన్నవాడికి పద్యం పుట్టదు.

ద్వితీయ పాదం

రైలు నిమిషం కూడా లేటు రాదనడం అతిశయోక్తి అలంకారం. 2017 నవంబరులో సుకుబా ఎక్స్‌ప్రెస్ రైలొకటి 20 సెకన్లు ముందే కదిలిందని ఆ సంస్థ లోకానికి క్షమాపణ చెప్పుకున్న మాట నిజమే. అయితే రైలు ఆలస్యమైతే ఆఫీసులో చూపించుకోవడానికి ప్రయాణికులకు ధ్రువపత్రం ఇచ్చే ఆచారం కూడా ఆ దేశంలోనే ఉంది. లేటే లేని చోట లేటు సర్టిఫికెట్టు ఎందుకు అచ్చేస్తారని పూర్వపక్షం. దానికి కవి దగ్గర సమాధానం లేదు.

ఆలస్యానికి కవి నిమిషాన్ని కొలతగా తీసుకున్నాడు. మన కొలత దశాబ్దం. టోక్యో, ఒసాకాల మధ్య 515 కిలోమీటర్ల షింకన్‌సెన్ బుల్లెట్ రైలు మార్గం 1959లో మొదలుపెట్టి 1964 అక్టోబరు 1న రైలు నడిపారు. పెద్దపల్లి–నిజామాబాదు మార్గం 177 కిలోమీటర్లు. 1993లో పీవీ నరసింహారావు శంకుస్థాపన చేశారు. పూర్తయింది 2017లో. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్ల, రైలొచ్చేనాటికి తన పిల్లను చంకనేసుకుని ఎక్కింది. ఈ లేటు మీద ఒక సీసపద్యం రాయమంటే కవిగారు చాయ్ గ్లాసు కింద పెట్టి ఫోను చూసుకున్నారు.

తృతీయ పాదం

"తోసుకొనరు." ప్రయాణికులు తోసుకోరన్నది సరే, తోయడం మాత్రం ఉంది. దానికి జీతగాళ్లున్నారు. తెల్ల చేతి తొడుగులు వేసుకుని, నిండిన పెట్టెలోకి జనాన్ని కూరి తలుపు పడేలా చేసేవాళ్లను ఓషియా అంటారు. టోక్యోలోని షింజుకు స్టేషనులో మొదట ఆ పనికి పెట్టుకున్నది ఎక్కువగా కాలేజీ పిల్లలను. మన దగ్గర ఎవడి తోపు వాడే తోసుకుంటాడు, వాళ్లు ఆ పనిని కూడా డ్యూటీ కింద రాసుకున్నారు.

"తుమ్మరు గట్టిగా." అశాస్త్రీయం. యుద్ధం తర్వాత కలప కోసమని కొండల మీద సుగి చెట్లు విపరీతంగా నాటారు. వాటి పుప్పొడికి వసంతంలో పదిమందిలో దాదాపు నలుగురు తుమ్ముతారు. కవి పోయింది చెర్రీ పూలు చూడటానికి, అంటే సరిగ్గా తుమ్ముల కాలంలో. పూలు చూస్తూ ముక్కులు వదిలేశాడు.

ఇక్కడ అధ్యాహారం ఒకటి చెప్పాలి. షింజుకు స్టేషనుకు బయటి దారులు 200కు పైన. అక్కడ తప్పిపోయి, కొడుక్కు ఫోను కొట్టి, "ఈడ అన్ని తలుపులు ఒక్క తీర్గనే ఉన్నయి బిడ్డా" అని పిలిచిన ఘట్టాన్ని కవి పద్యంలో మింగేశాడు. తెలిసినవాళ్లు కలుపుకుని చదువుకోవాలి.

చతుర్థ పాదం

ఇదే పద్యానికి ప్రాణం. వ్యాఖ్యాతకు కోపమొచ్చిందీ ఇక్కడే.

మనకు లైను రాదట. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం షుగర్స్ పెట్టిన నాటి నుంచి చెరుకు బండ్లు కాంటా కోసం వరుసలో నిలబడ్డాయి. ఎడ్లకు కూడా లైను వచ్చు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడి ఆ వరుస పోయింది గానీ ఎడ్లు తప్పి కాదు. 2025 వానాకాలంలో యూరియా కోసం రాష్ట్రమంతా సొసైటీల ముందు తెల్లారకముందే రైతులు చెప్పులు, పట్టా పాసుబుక్కులు వరుసగా పెట్టారు. మనుషులు చెట్టుకింద కూర్చున్నా చెప్పులు లైను తప్పలేదు. ఇంతకన్నా క్రమశిక్షణ యమనోతె రైలెక్కే జనంలో ఉంటే చూపించండి.

యమనోతె అంటే టోక్యో నడిబొడ్డు చుట్టూ తిరిగే రైలు మార్గం. 34.5 కిలోమీటర్లు, 30 స్టేషన్లు, రద్దీ వేళ రెండు మూడు నిమిషాలకొక రైలు. ఇప్పుడు నిజామాబాదు బస్టాండులో సాయంత్రం పల్లె బస్సు చూడండి. పోతే మళ్లీ ఎప్పుడో తెలియదు. అందుకే కిటికీలోంచి దస్తి పడుతుంది, సంచి పడుతుంది, అవసరమైతే పిల్లవాడు పడతాడు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు టికెట్టు లేదన్నారు, సంతోషం. జనం పెరిగినంత బస్సులు పెరగలేదు. బీడీల కార్ఖానా నుంచి వచ్చే ఆడవాళ్లు ఒంటికాలి మీద నిలబడి ధర్పల్లి చేరుతున్నారు. వాళ్లకు ఈ పద్యం వినిపించినప్పుడు ఒక అవ్వ చేసిన వ్యాఖ్య మల్లినాథుడికి కూడా తట్టదు:

"సారూ, గాడ రెండు నిమిషాలకో రైలు వస్తదంటున్నవ్ గద. గట్లొస్తే నేనెవ్వల్ని నూకుత?"

ఇదే సిద్ధాంతం. మిగతాదంతా గ్రంథవిస్తరం.

తాత్పర్యం

టోక్యో జనం ఓపిక వెనక టోక్యో టైంటేబుల్ ఉంది. కవి ఓపికను మెచ్చి టైంటేబుల్‌ను మరిచాడు. ఆ తిట్టుపద్యాన్ని బస్సు నడిపేవాళ్లకు కాక, బస్సు దొరకనివాళ్లకు చదివి వినిపించాడు.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని నిత్యం పఠించినవారికి కిటికీ పక్క సీటు దొరుకునని రాయడం సంప్రదాయం. కవిగారు కారులో తిరుగుతారు కనుక వారికి ఈ ఫలం అక్కర్లేదు. అక్కరున్నవాళ్లు దస్తి చేతిలో పట్టుకుని ఉండండి.